తోకలేని మౌసునకు మఱల నింపదగిన సెల్లులు

కంప్యూటరుతో పనిచేయువారి చేతిక్రింద నుండు చిన్న పనిముట్టునకు మౌసు, అనగా చుంచెలుక, యను పేరు దాని తోకనుబట్టి కలిగెనని చెప్పుదురు. 1964వ సంవత్సరమున అమెరికాదేశమందలి స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయములో డగ్లస్ ఎంగెల్‌బర్ట్ అనువారి యూహనుబట్టి తయారైన మొదటి మౌసు కఱ్ఱతో చేసిన చిన్న పెట్టె. దాని తీగయే తోక. నేడు పెక్కు మౌసులకును కీబోర్డులకును ఆ తోక లేదు. దానివలన బల్లమీది చిక్కు తగ్గినది గాని, తీగవెంట కంప్యూటరునుండి వచ్చుచుండిన విద్యుత్తును ఆగిపోయినది. అందుచేత లోపల నొకటి రెండు పెన్సిలు సెల్లులు పెట్టవలసివచ్చుచున్నది. ఈ సెల్లులు అయిపోయిన వెంటనే పాఱవేయుట మేలా, మఱల మఱల నింపదగినవి కొనుట మేలా యని తల్లిదండ్రులు మమ్ము తఱచుగా నడుగుచున్నారు.

ముందుగా ఏ పనిముట్టు ఎంత విద్యుత్తు తినునో చూడవలెను. కీబోర్డు మిక్కిలి మితభోజి. మీట నొక్కినప్పుడు మాత్రమే మేల్కొని, ఆ యక్షరమును పంపి, మఱల నిద్రించును. మౌసు అట్లు కాదు. దాని యడుగున నొక చిన్న దీపమును, బల్లయొక్క ఉపరితలమును సెకనునకు వేయికిపైగా పర్యాయములు చిత్రించు సూక్ష్మమైన కెమెరాయును గలవు. చేయి కదలుచున్నంతసేపు అవి పనిచేయుచుండవలసినదే. కావున కీబోర్డులోని సెల్లులు ఏడాదియో అంతకు మించియో నిలిచినను, ఎడతెగక వాడబడు మౌసులోనివి కొలది మాసములకే నీరసించుట కలదు.

అంగడిలో దొరకు సాధారణపు సెల్లు 1866వ సంవత్సరమున ఫ్రాన్సుదేశీయుడైన లెక్లాంషే కనిపెట్టిన దాని సంతతిలోనిది. ఆల్కలైన్ సెల్లు దానికంటె బలమైనది. ఈ రెంటిలోను తుత్తునాగము రసాయనికముగా మార్పుచెంది విద్యుత్తు నిచ్చును. ఆ మార్పును సరిగా వెనుకకు త్రిప్పుట సాధ్యము కాదు. వీనిని చార్జరులో పెట్టినచో లోపల వాయువు పుట్టి, సెల్లు కాఱుటయో పగులుటయో సంభవించును. మఱల నింపదగిన సెల్లును స్వీడనుదేశీయుడగు యుంగ్నర్ 1899లో నికెల్, కాడ్మియములతో చేసెను గాని కాడ్మియము విషము. 1990 ప్రాంతమునుండి దాని స్థానమును నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఆక్రమించుచు వచ్చినది. ఇందు ఒక మిశ్రలోహపు పొడి ఉదజనిని స్పంజివలె పీల్చుకొనియుండును. సెల్లు పనిచేయునప్పుడు ఆ ఉదజని బయటికివచ్చును. చార్జరులో పెట్టినపుడు మఱల లోనికి పోవును. వందల పర్యాయము లిట్లు జరుగవచ్చును.

ఇచ్చట నొక సందేహము పుట్టును. ఆల్కలైన్ సెల్లుమీద 1.5 వోల్టులనియు, నింపదగిన దానిమీద 1.2 వోల్టులనియు వ్రాసియుండును. తక్కువ వోల్టులతో మౌసు నడచునా? ఆల్కలైన్ సెల్లు 1.5తో మొదలిడినను, మెట్లు దిగినట్లు క్రమముగా దిగుచు, తన యాయువులో సగము గడచునప్పటికే 1.2 ప్రాంతమునకు వచ్చును. మంచి మౌసు 1 వోల్టువఱకు దిగినను పనిచేయునట్లు కట్టబడియుండును. నికెల్ సెల్లు తన యాయువులో చాలభాగము 1.2 వద్దనే నిలుకడగా నుండి, తుదిని హఠాత్తుగా పడిపోవును. కావున పని చెడదు. చెడునది లెక్క మాత్రమే. కంప్యూటరుతెరమీద కనబడు బ్యాటరీ గుర్తు తఱచుగా ఆల్కలైన్ సెల్లుయొక్క నడక ననుసరించి లెక్కించును. క్రొత్తగా నింపిన సెల్లు పెట్టినను సగమే యున్నదని చూపి, వారములతరబడి అట్లే చూపుచుండి, ఒకనాడు హెచ్చరిక లేకయే ఆగిపోవును. పరీక్షనాడు ఇట్లు జరిగిన విద్యార్థి గతియేమి? నిండిన సెల్లొకటి ప్రక్కన సిద్ధముగా నుంచుకొనుటకంటె వేఱు ఉపాయము లేదు.

పూర్వపు నికెల్ సెల్లులకు మఱియొక దోషముండెను. ఊరక పెట్టియుంచినను నెలకు అయిదవవంతో, అంతకు హెచ్చో తమంతట తామే కోలుపోవుచుండెను. 2005వ సంవత్సరాంతమున జపానుదేశపు సాన్యో సంస్థవారు ఎనిలూప్ అను పేరుతో ఈ దోషము మిక్కిలి తగ్గించిన సెల్లులను విడుదలచేసిరి. ఏడాది యూరకున్నను నింపినదానిలో నూటికి 85 పాళ్లు నిలుచునని వారు చెప్పిరి. ఇప్పు డిట్టివి పలువురు చేయుచున్నారు. మౌసునకు ఈ జాతివే కొనవలెను. పైని పెద్ద అంకె వేసిన సెల్లు మేలైనదని భ్రమపడరాదు. ఇంత కొలదిగా విద్యుత్తు వాడు పనిముట్టునకు నిల్వ నిలుపుకొను గుణమే ప్రధానము.

ఒక పాఠశాలలో ఇరువది మౌసులు కలవనియు, ఒక్కొక్కటి ఏడాదికి మూడు సెల్లులు తినుననియు అనుకొందము. ఏడాదికి 60, అయిదేండ్లకు 300 సెల్లులు చెత్తలోనికి పోవును. నింపదగినవైనచో, అదనపువానితో కలిపి 24 సెల్లులును ఒక చార్జరును చాలును. ఇంట నొకే కీబోర్డున్నవారికి ఈ లెక్కవలన వచ్చు లాభము స్వల్పమని ఒప్పుకొనవలెను. అయినను అచ్చటను మేము నింపదగినవే కోరుదుము. కారణము ధర కాదు. వేసవి సెలవులలో మఱచిపోయిన ఆల్కలైన్ సెల్లు కాఱి, అందలి క్షారము లోహపు రేకులను తినివేసి, కీబోర్డునే పనికిమాలినదిగా చేయును. నికెల్ సెల్లు కాఱుట అరుదు. కాఱినచోట తెల్లని పొక్కు గట్టినయెడల, సెల్లు తీసి, దూదిపుల్లతో కొంచెము నిమ్మరసమో వెనిగరో అద్ది తుడిచి, బాగుగా ఆఱబెట్టవలెను, వట్టిచేతితో ముట్టరాదు.

రెండు సెల్లులు పట్టు పనిముట్టులో రెండును ఒకే జాతివి, ఒకే వయసువి, ఒకే తడవ నింపినవి కావలెను. బలహీనమైనది ముందుగా ఖాళీయైనప్పుడు బలమైనది దానిగుండ విద్యుత్తును ఎదురుగా త్రోసి పాడుచేయును. చార్జరు ప్రతి సెల్లును వేఱువేఱుగా కనిపెట్టి, నిండగానే ఆపునది కావలెను. 14500 అను అంకెగల లిథియం సెల్లు పెన్సిలు సెల్లు పరిమాణముననే యుండి సరిగా అమరును గాని 3.7 వోల్టు లిచ్చును. దానిని మౌసులో పెట్టిన మౌసు కాలిపోవచ్చును. పిల్లలు పరిమాణము చూచి మోసపోవు చోటిదే.

ఎంత మంచి సెల్లైనను కొన్నియేండ్లకు ముసలిదగును. దానిని నిప్పులో వేయరాదు, చెత్తకుప్పలో కలుపరాదు. 2022వ సంవత్సరపు బ్యాటరీ వ్యర్థముల నిబంధనలనుబట్టి మనదేశమున తయారుచేయువారే పాతవానిని సేకరించి శుద్ధిచేయింపవలసియున్నది.

కొన్ని మౌసులలో సెల్లు తీయుటకు వీలులేక లిథియం బ్యాటరీ లోపలనే బిగింపబడియుండును. ఆపిల్‌వారు 2009లో చేసిన మ్యాజిక్ మౌసు రెండు పెన్సిలు సెల్లులతో నడచెను; 2015లో చేసినదానికి లోపలి బ్యాటరీ పెట్టి, నింపు రంధ్రమును కడుపుక్రింద నుంచిరి. అది నిండుచున్నంతసేపు వెల్లకిలబడిన తాబేలువలె నుండుటచే పనికిరాదు. ఇట్టివానిలో బ్యాటరీ ముసలిదైనచో మౌసునే విడువవలసివచ్చుట సాధారణము. కొనబోవువారు అంగడిలోనే దానిని త్రిప్పి, సెల్లు తీయు మూత కలదో లేదో చూచుకొనవలయును.