గుండె ఆపరేషన్‌కు ముందు ఇంట్లో జరగాల్సిన పని

పుట్టే ప్రతి వందమంది పిల్లల్లో దాదాపు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఎక్కువగా కనిపించేది గుండె కింది గదుల మధ్య గోడకు పడిన రంధ్రం. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే పూడుకుపోతాయి. రంధ్రం పెద్దదైనా, ఒళ్ళు నీలంగా మారే టెట్రాలజీ ఆఫ్ ఫాలో లాంటి లోపమైనా ఆపరేషన్ తప్పదు. తేదీ ఖాయమయ్యాక పెద్దలు డబ్బు, సెలవు, కాగితాల వెంట పరుగెత్తుతారు. ఆ హడావుడిలో మరుగున పడేది, అసలు బిడ్డకు సంగతి చెప్పడం.

‘పసిపిల్ల, దానికేం తెలుస్తుంది’ అనుకోవడం పొరపాటు. అమ్మ చాటుగా కళ్ళు తుడుచుకోవడం, నాన్న ఫోన్లో గొంతు తగ్గించడం మూడేళ్ళ పిల్ల కూడా కనిపెడుతుంది. కారణం ఎవరూ చెప్పకపోతే తనే ఒకటి ఊహించుకుంటుంది. ఆ వయసులో ఊహ తరచుగా తన మీదికే తిరుగుతుంది: నేను అల్లరి చేశాను, అందుకే ఆస్పత్రిలో వదిలేస్తారు. ‘అన్నం తినకపోతే డాక్టర్‌తో సూది వేయిస్తా’ అని బెదిరించే ఇళ్ళలో ఈ భయం మరీ లోతుగా నాటుకుంటుంది. ముందు ఆ బెదిరింపు మానాలి. గుండె అలా తయారవడంలో నీ తప్పేమీ లేదని బిడ్డకు నోరు తెరిచి చెప్పాలి.

రెండు మూడేళ్ళ పిల్లలకు ఒకటి రెండు రోజుల ముందు చెబితే చాలు. మరీ ముందు చెబితే భయమే మిగులుతుంది. నాలుగైదేళ్ళ వాళ్ళకు నాలుగైదు రోజులు, బడి ఈడు పిల్లలకు వారం పది రోజులు కావాలి. బొమ్మ ఛాతీకి కట్టు కట్టి, ముక్కుకు మాస్క్ పెట్టి ఆడిస్తే మాటలకు అందనిది ఆటలో అర్థమవుతుంది. ‘కోస్తారు’ అనేకంటే ‘గుండెను బాగుచేస్తారు’ అనడం మేలు. మందుతో వచ్చే నిద్ర రాత్రి నిద్ర లాంటిది కాదని, అందులో మధ్యలో మెలకువ రాదని చెప్పాలి. ‘నొప్పే ఉండదు’ అని మాత్రం అనకూడదు. ఆ ఒక్క అబద్ధంతో, తర్వాత చెప్పే నిజాలను కూడా బిడ్డ నమ్మదు. నొప్పి పుడితే చెప్పమని, మందు ఇస్తారని చెబితే ధైర్యం నిలుస్తుంది.

ఒంటిని సిద్ధం చేయడం మరో పని. పుచ్చిపోయిన పళ్ళలోని క్రిములు రక్తంలో చేరి గుండెకు పట్టే ప్రమాదం ఉంది కాబట్టి ముందే పళ్ళ డాక్టర్‌కు చూపించాలి. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచకుండా చెప్పాలి. ఆపరేషన్ వాయిదా పడితే బాధే గానీ, నెమ్ముతో మత్తు ఇవ్వడం అంతకంటే ప్రమాదం. టెట్రాలజీ పిల్లలు ఎదురుచూసే రోజుల్లో ఏడ్చి ఏడ్చి ఒక్కసారిగా నీలంగా మారితే, మోకాళ్ళు ఛాతీకి ఆనేలా ముడిచి పట్టుకుని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

తాయెత్తు, మొలతాడు, దిష్టి పూసలు, మురుగులు ఆపరేషన్‌కు ముందు తీయించేస్తారు. నాయనమ్మలకు ఇది కష్టంగా ఉంటుంది. వాటిని తల్లి కొంగున కట్టుకుని ఉంచుకోవచ్చని ముందే మాట్లాడుకుంటే ఆ పొద్దున గొడవ ఉండదు. గోళ్ళ రంగు కూడా తుడిచేయాలి. వేలికి తగిలించే ఆక్సిజన్ పరికరం దాని వల్ల తప్పు చూపవచ్చు.

కడుపు ఖాళీగా ఉంచే లెక్క సాధారణంగా అన్నానికి, డబ్బా పాలకు 6 గంటలు, తల్లిపాలకు 4 గంటలు, మంచినీళ్ళకు 2 గంటలు. ఆస్పత్రి వాళ్ళు చెప్పిన సమయమే పాటించాలి. జాలిపడి రహస్యంగా బిస్కెట్ పెడితే, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అలాగని గంటల తరబడి నీళ్ళు కూడా మాన్పించకూడదు. నీలంగా ఉండే పిల్లల రక్తం అసలే చిక్కగా ఉంటుంది.

ఖర్చు భయంతో ఆలస్యం చేసే కుటుంబాలు ముందు ఆరోగ్యశ్రీ సంగతి కనుక్కోవాలి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ పథకం పిల్లల గుండె ఆపరేషన్లకూ వర్తిస్తుంది. తిరుపతిలో 2021లో టీటీడీ తెరిచిన శ్రీ పద్మావతి హృదయాలయం పిల్లల గుండెజబ్బులకే ప్రత్యేకం.

ఐసీయూలో బిడ్డను మొదటిసారి చూడటం తల్లిదండ్రులకు అన్నిటికన్నా కష్టమైన క్షణం. నోట్లో వెంటిలేటర్ గొట్టం, ఛాతీలోంచి రక్తం, నీరు బయటికి తీసే డ్రెయిన్లు, మెడకు సూదులు, ఉబ్బిన ముఖం కనిపిస్తాయి. గుండె-ఊపిరితిత్తుల యంత్రం మీద ఉంచిన పిల్లల్లో ఆ ఉబ్బు మామూలే, కొన్ని రోజుల్లో దిగిపోతుంది. గొట్టం ఉన్నంతసేపు ఏడ్చినా శబ్దం రాదు. ఇవన్నీ ముందే డాక్టర్‌ను అడిగి తెలుసుకున్న తల్లి మంచం పక్కన నిలబడగలుగుతుంది, చెయ్యి పట్టుకుని పేరు పెట్టి పిలవగలుగుతుంది.

ఇంటికొచ్చాక ఛాతీ ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంతవరకు చంకల కింద చేతులేసి ఎత్తకూడదు. ఒక చెయ్యి పిరుదుల కింద, ఒకటి వీపు వెనుక ఉంచి ఎత్తుకోవాలి. కొన్నాళ్ళు పక్క తడపడం, రాత్రి ఉలిక్కిపడి లేవడం, తల్లి కొంగు వదలకపోవడం సహజం, కోప్పడకూడదు. జ్వరం, గాయం ఎర్రబడటం, పాలు తాగేటప్పుడు ఆయాసం కనిపిస్తే మాత్రం ఆగకుండా చూపించాలి.