స్వంత చెరువుకట్టలు – వాని క్షేమము

రాయలసీమనుండి కోలారు, హోసూరుల మీదుగా ఉత్తరార్కాటువరకు వ్యాపించిన మెట్టనేలలో ఏడాది పొడుగునను పారు నది లేదు. కురిసిన నాలుగు వానలను మట్టికట్టతో నిలుపుకొనిననే పంట. ఈ సీమలందు వేలకొలది చెరువులు గలవు. పెద్దవానిని రాజులు కట్టించిరని శాసనములు చెప్పుచున్నవి. చిన్నవానిలో పెక్కింటిని కట్టించినవారు గ్రామపెద్దలు, వర్తకులు, ఆలయములవారు, కలిగిన రైతులు. అట్లు కట్టించిన వానికి ఆ చెరువు క్రింది భూమిలో కొంత మాన్యముగ నిచ్చుట ఆచారము. తెలుగు జిల్లాలలో దీనికి దశబంధమని పేరు. కన్నడసీమలో కట్టుకొడిగె యనిరి. విదర్భలోని భండారా, గోండియా, చంద్రపూరు ప్రాంతములందు మాల్గుజారులు తమ స్వంతముగ కట్టించిన చెరువులు నేటికిని మాజీ మాల్గుజారి చెరువులనియే పిలువబడుచున్నవి. పశ్చిమ ఒడిశాలో గౌంటియాలు కట్టించిన ‘కటా’లును ఇట్టివే.

ఈ ఏర్పాటులోని కిటుకు మాన్యములో లేదు, మాన్యమునకు తగిలించిన షరతులో నున్నది. కట్టను కాపాడినంతకాలమే ఫలము. గండి పడి పూడ్చకున్నచో చెరువు క్రింది తన పొలమే ముందు ఎండును. కట్ట క్షేమమును యజమాని ఆదాయముతో ముడివేసిన ఈ పద్ధతి, తరువాత వచ్చిన చట్టములకంటె తెలివైనదని చెప్పవచ్చును. మాన్యములు రద్దగుటతో ముడి వీడినది. విదర్భలో మాల్గుజారి హక్కులు 1950 నాటి చట్టముతో పోయినవి. కట్టలు మాత్రము ఎక్కడి వక్కడనే యున్నవి.

ఈ కట్టలను చేతులతో నిలిపినవారిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. కట్టించినవారి పేర్లు రాతిమీద నున్నవి, కట్టినవారి పేర్లు లేవు. తమిళనాడులో ఒట్టరులని, కర్ణాటకలో ఒడ్డరులని, భోవులని, మహారాష్ట్రములో వడారులని పిలువబడు వడ్డెరలు ఇండ్లలో తెలుగు మాటలాడువారు. మన్ను త్రవ్వు పనివారు, రాయి కొట్టు పనివారు అని వారిలో తెగలు గలవు. గడ్డపార, పార, తట్ట – ఇవియే వారి యంత్రములు. మన్నును ఒక్కసారి గుట్టగ పోయక, పలుచని వరుసలుగ పఱచి, తడిపి, త్రొక్కించి, మఱల వరుస వేయుట మట్టికట్టకు ప్రాణము. గుల్లగ పోసిన మన్ను మొదటి వానకే క్రుంగును. క్రుంగినచోటనే నీరు దారి వెదకుకొనును. నేటి రోలరు చేయు పని యిదియే.

కట్టకు రాగల దోషములను మనవారు ఎంత ఎఱిగియుండిరో తెలియుటకు కడపజిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనము చాలును. అది శక సంవత్సరము 1291, అనగా క్రీస్తుశకము 1369 నాటిది. ఉదయగిరినుండి పాలించిన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమను ఆ చెరువును రెండేండ్లలో కట్టించెను. 1,000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేసినవని శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు 12 సాధనములను, విడువవలసిన 6 దోషములను అందు లెక్కించిరి. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై పారుదల భూమి విస్తారమగుట, చోటు కొంచెమై నీరు విస్తారమగుట – ఇవి ఆ ఆఱు.

వీనిలో మూడు కట్ట భద్రతకు నేరుగ సంబంధించినవి. చవుడు నేలను దోషమనుటలో శాసనకర్త పంటనే తలచియుండవచ్చును. అయినను సోడియము హెచ్చుగనున్న బంకమన్ను నీరు తగులగనే విడిపోయి పాలవలె కరగునని నేటి మృత్తికాశాస్త్రము చెప్పుచున్నది. అట్టి మన్నుతో పోసిన కట్ట చూపునకు గట్టిగనుండి లోలోపల సొరంగము పడి తెగును. చోటు కొంచెమై నీరు విస్తారమగుట యనగా కట్ట పొర్లుట. మట్టికట్టకు ఇంతకు మించిన శత్రువు లేదు. రాతికట్టమీదుగ నీరు పొర్లినను అది కొంతసేపు నిలువగలదు. మట్టికట్టకు ఆ శక్తి లేదు. వెనుకవాలున జారిన నీరు మొదట పాదమును కోయును, కోత మెల్లగ మీదికి ప్రాకి శిఖరమునకు చేరును, అటుపై గండి గడియలలో పెద్దదగును. అందుచేతనే అలుగు. దానినే కొన్నిచోట్ల కలుజు అనియు, కోలారు ప్రాంతమున కోడి యనియు అందురు. వరదనీరు కట్ట నెక్కకముందే ప్రక్కగ దిగిపోవుటకు అది ఏకైక మార్గము.

అలుగు లేని కట్ట గతి యేమగునో దూరదేశపు ఉదాహరణ మొకటి చెప్పును. హవాయి ద్వీపములలోని కవాయి దీవిలో 1890లో చెరకుతోటల పారుదలకై కాలోకో అను మట్టికట్టను వేసిరి. అది ప్రైవేటు ఆస్తి. 2006 మార్చి 14న తెల్లవారకముందు, వారాల తరబడి వర్షములు కురిసినపిమ్మట, అది తెగి 7గురు ప్రాణములు కోల్పోయిరి. విచారణ జరిపినవారికి అక్కడ పనిచేయు అలుగు కనబడలేదు. దానిని మన్నుతో పూడ్చియుందురనియు, నీరు కట్టమీదుగ పొర్లియుండుననియు వారు తేల్చిరి. ప్రభుత్వపు పట్టికలో ఆ కట్ట అపాయము తక్కువగలదిగ నమోదై యుండెను! మరుసటి యేడు, 2007లో, ఆ రాష్ట్రము క్రొత్త చట్టము చేసెను. కెన్యాలోని సోలాయిలో 2018 మే 9న ఒక తోట యజమాని చెరువు రాత్రివేళ తెగి నలువదిమందికి పైగా మరణించిరి.

మన ప్రాంతములలో అలుగును మన్నుతో పూడ్చువారు తక్కువ. దానిమీద ఇసుకబస్తాలు వేసి ఒక మూర నీరు ఎక్కువ నిలుపుకొనువారు, చేపలు పోకుండ వల కట్టువారు పెక్కురు. ఫలితమున తేడా లేదు. వలకు చెత్త పట్టినచో అది గోడయే.

రెండవ అపాయము ఊట. కట్ట పాదమున కొంత తేమ యుండుట సహజము. ఊరు నీరు తేటగనున్నచో దినదినమును కనిపెట్టియుండిన చాలును. బురదరంగు తిరిగినదనగా కట్టలోని మన్ను కొట్టుకొనిపోవుచున్నదని అర్థము. ఇది తఱచుగ తూము ప్రక్కనే మొదలగును, ఏలయన రాతికిని మన్నుకును నడుమ అతుకు బలహీనము. చచ్చిన చెట్ల వేళ్లు, ఎలుకబొరియలు, చీమలపుట్టలు తక్కిన దారులు. ఊట కనబడినచోట బంకమన్నుతో బిగించుట పలువురు చేయు తప్పు. నీరు ఆగదు, వేఱొకచోట బలముగ పైకి వచ్చును. ముందు ఇసుక, దానిపై చిన్నకంకర, దానిపై పెద్దకంకర పఱచినయెడల నీరు పోవును, మన్ను నిలుచును. అదే సమయమున తూము తీసి నీటిమట్టము తగ్గింపవలెను, కాని మెల్లగ. ఒక్కసారిగ దింపినచో తడిసి బరువెక్కిన లోపలివాలు నీటి ఆనిక తప్పి జారును.

పొలిమేర దోషము నేటికిని తీరలేదు. పాలారు కోలారు ప్రాంతమున పుట్టి, ఆంధ్రదేశపు చిత్తూరుసీమను తాకి, తమిళనాడున ప్రవేశించును. 1903 నవంబరులో ఎగువ మైసూరు సీమలోని చెరువులు తెగి, ఆ వరద దిగువనున్న వాణియంబాడిని ముంచెను. గొలుసుచెరువులలో పైకట్ట తెగిన నీరు క్రిందికట్టకు దాని అలుగు మోయలేని భారమగును. పైవాని నిర్లక్ష్యమునకు క్రిందివాడు శిక్ష పొందుట ఇందు సహజమైపోయినది.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టము ప్రైవేటు యజమానులకును వర్తించును. కాని అది 15 మీటర్లకు మించిన ఎత్తుగల కట్టలకును, 10 మొదలు 15 మీటర్ల లోపున పొడవు, నిలువనీరు మొదలగు కొన్ని లక్షణములు గలవానికిని మాత్రమే. ఎస్టేటులందలి చెరువులు, పూర్వపు దశబంధపు కట్టలు చాలవఱకు ఈ కొలతకు లోబడవు. వానిని చూడవలసినవాడు యజమానియే. కట్ట శిఖరము ఎక్కడ క్రుంగినదో నీటిమట్టపు గొట్టముతో కొలుచుట, పొదలు నఱకుట, అలుగునకు ఎదురైన మేట తీయుట, తూము ప్రక్క నేల త్రొక్కి చూచుట – ఇంతయు ఇద్దరు మనుష్యులు ఒక దినములో చేయగల పని. ఈశాన్యఋతుపవనము నమ్ముకొన్న తమిళనాటి కట్టలకు భాద్రపదమాసము, ఒడిశా, విదర్భములందలి వానికి జ్యేష్ఠమాసపు ఆరంభము తగిన కాలము.