తుప్పు పట్టిన కారుకి ఆరున్నర లక్షలా?

"అన్నయ్యా! కారు దొరికింది. మామూలు కారు కాదు. సినిమా కారు! ఎల్లుండి మనం చెన్నై వెళ్ళాలి, నువ్వు కాదనకూడదు!"

ఫోను చేసింది మా పిన్ని కొడుకు. వయసు ఇరవై ఏడు. బెజవాడలో ఫ్లెక్సీ ప్రింటింగు షాపులో పని. శుక్రవారం మొదటాట చూడకపోతే శనివారం అన్నం సయించని రకం. వాడి గురించి యింతకన్నా చెప్పక్కర్లేదు, మీలో సగం మంది అలాంటి వాళ్ళే కదా!

"ఏం కారురా?"

"స్టాండర్డ్ హెరాల్డ్. 1969 మోడల్. ఒక్కసారి కూడా రంగు మార్చలేదట. ఆ రోజుల్లో పెద్ద హీరో ఒకాయన షూటింగులో నడిపిన కారట! ఆరున్నర లక్షలు చెబుతున్నారు."

"నీ దగ్గర ఎంతుంది?"

కాసేపు చప్పుడు లేదు. "అయిదు లక్షల పాతిక వేలు. ఆరేళ్ళు దాచాను. మిగతాది అప్పు చేస్తా."

నేను మెకానిక్కుని కాను. చదివింది బి.ఎ. పత్రికలకి వ్యాసాలు రాసుకుంటూ, పాత కార్ల షెడ్ల చుట్టూ పదేళ్ళుగా తిరుగుతున్నవాణ్ణి. అయినా ఆరేళ్ళ కష్టార్జితం ఒక్క పూటలో తుప్పు కింద జమకడతానంటుంటే చూస్తూ వూరుకోగలమా? మూడో నాడు పినాకిని ఎక్కేశాం.

రైల్లో చెప్పిన కథ

ఒంగోలు దాటాక వాడికో కథ చెప్పాను. మీరూ వినండి.

1968లో 'బుల్లిట్' అనే హాలీవుడ్ చిత్రం వచ్చింది. హీరో స్టీవ్ మెక్వీన్. శాన్ ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల వీధుల్లో దాదాపు పదకొండు నిమిషాల కారు ఛేజింగు! కార్లు గాల్లోకి లేచి దబ్బున పడుతుంటే హాల్లో జనం కుర్చీలు గట్టిగా పట్టుకున్నారట. ఆ చిత్రానికి ఎడిటింగు చేసిన ఫ్రాంక్ కెల్లర్‌కి ఆస్కార్ వచ్చింది. అందులో మెక్వీన్ నడిపింది ముదురాకుపచ్చ రంగు ఫోర్డ్ మస్టాంగ్.

షూటింగు కోసం రెండు మస్టాంగులు తీసుకున్నారు. గెంతులన్నీ గెంతిన కారు చివరికి పాత సామాన్ల పాలయింది. 2017లో మెక్సికోలో బయటపడింది. రెండోది చేతులు మారి మారి, 1974లో పత్రికలో ప్రకటన చూసిన ఓ మామూలు సంసారికి ఆరు వేల డాలర్లకి దొరికింది. ఆయన భార్య బడిపంతులమ్మ. ప్రపంచాన్ని వూపేసిన ఆ కారులో ఆవిడ రోజూ బడికి వెళ్ళొచ్చేది! 1977లో సాక్షాత్తు మెక్వీనే ఉత్తరం రాశాడు, కారు తిరిగి యిస్తారా అని. వాళ్ళు యివ్వలేదు. 1980లో క్లచ్ పోయింది. కారు షెడ్డెక్కింది.

2018లో ఆయన కొడుకు ఆ కారుని లోకానికి చూపించాడు. రంగు వెలిసిపోయింది, తుప్పు మచ్చలున్నాయి, సీట్లు నలిగిపోయాయి. 2020 జనవరి 10న ఫ్లోరిడాలో వేలం వేస్తే పాట 34 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. కమీషను కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు. అప్పటి లెక్కలో మన రూపాయల్లో 26 కోట్ల పైమాటే!

"చూశావా అన్నయ్యా! తుప్పుకి కూడా ధర వుంది!" అన్నాడు మావాడు ఎగిరి గంతేసి.

"తుప్పుకి కాదురా మొద్దూ, సాక్ష్యానికి!" అన్నాను.

ఆ కారు షాసీ నంబరు షూటింగు కారు నంబరుతో కలిసింది. కెమేరాలు బిగించడానికి అడుగున చేసిన వెల్డింగులు అలాగే వున్నాయి. మెక్వీన్ రాసిన ఉత్తరం వుంది. ఎవరి నుంచి ఎవరికి అమ్ముడయిందో వరస తప్పకుండా తెలుసు. పాపం ఎవరైనా ముచ్చటపడి మళ్ళీ రంగులు వేయించి, అడుగు భాగం నున్నగా చేయించి వుంటే? ఆ వెల్డింగులు కనపడేవి కావు. కొత్త పెళ్ళికూతురులా మెరిసేది గానీ, సాక్ష్యం సగం పోయేది.

ఇంకో వుదాహరణ. 2014లో ఫ్రాన్సులో ఓ పల్లెటూరి ఎస్టేటులో అరవై దాకా పాత కార్లు బయటపడ్డాయి. వాటిలో ఓ ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్. దాని మీద పాత పత్రికల కట్టలు పేర్చి వున్నాయి! ఆ కారులో ఫ్రెంచి హీరో అలెన్ డెలాన్ జేన్ ఫోండాతో కలిసి దిగిన ఫోటోలున్నాయి. 2015 ఫిబ్రవరిలో పారిస్ వేలంలో కోటి 63 లక్షల యూరోలు పలికింది, దుమ్ము కూడా సరిగ్గా తుడవకుండానే!

అలాగని దుమ్ము పట్టిన ప్రతి బండీ బంగారం కాదు. ఆ ఫెరారీ దుమ్ము లేకపోయినా కోట్లు చేసే రకం. తాకని కారు వేరు, పట్టించుకోని కారు వేరు. మొదటిది భద్రంగా దాచిన పాత ఫిల్ము రీలు. రెండోది వానలో తడిసి అతుక్కుపోయిన రీలు. రెండూ పాతవే. బొమ్మ మాత్రం ఒకదాంట్లోనే పడుతుంది.

అయస్కాంతం, టార్చి, పాత గుడ్డ

సెంట్రల్లో దిగి సాలిగ్రామం చేరుకున్నాం. సన్నటి సందులో పాత మేడ. వేపచెట్టు కింద రేకుల షెడ్డు. బ్రోకరు మా కోసం కాచుకుని వున్నాడు. యింటాయన రిటైరైన బడిపంతులు, మన తెలుగాయనే. "రండి నాయనా, కాఫీ తాగి చూద్దురు గానీ" అన్నాడు.

షెడ్డులో హెరాల్డ్. లేత నీలం. పైకప్పు మీద రంగు పొడిబారి సున్నంలా వుంది. మావాడు దాన్ని చూసిన చూపు మాత్రం... కొత్త హీరోయిన్ని చూసినా అలా చూడడు!

ఈ కారు చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ చేసిన హెరాల్డ్‌కి రూపం దిద్దినవాడు ఇటలీ శిల్పి మికెలోటి. దాన్ని మన దేశంలో 1961 నుంచి మద్రాసు శివార్లలో స్టాండర్డ్ కంపెనీ తయారు చేసింది. 948 సి.సి. ఇంజను. బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తంగా ముందుకి తెరుచుకుంటుంది. అంబాసిడర్, ఫియట్‌ల కాలంలో యిది కుర్రకారు కారు.

నా సంచిలోంచి మూడు వస్తువులు తీశాను. గుడ్డ చుట్టిన అయస్కాంతం, టార్చిలైటు, పాత గుడ్డ.

అయస్కాంతం దేనికంటారా? రేకు తుప్పు పట్టి చిల్లులు పడితే టింకరింగువాడు లప్పం పూసి రంగు వేస్తాడు. కంటికి తెలీదు. అయస్కాంతానికి తెలుస్తుంది, లప్పం మీద అది పట్టదు. తలుపులు, మడ్‌గార్డులు, డిక్కీ అంతా జరుపుకుంటూ పోయాను. ఎడమవైపు వెనక చక్రం పైన జానెడు మేర తప్ప అంతటా టక్కున పట్టింది.

"అక్కడ ఓ రిక్షావాడు గుద్దాడు, 1983లో" అన్నాడు మాస్టారు, అడక్కుండానే.

తర్వాత తలుపుల చుట్టూ రబ్బరు బీడింగు కొంచెం ఎత్తి చూశాను. లోపల కూడా అదే లేత నీలం, యింకా నిగనిగలాడుతూ వుంది. అద్దాల అంచుల మీద, రబ్బర్ల మీద రంగు తుంపర్లు లేవు. రంగు మళ్ళీ వేసి వుంటే ఆ తుంపర్లు ఎక్కడో ఒకచోట దొంగని పట్టిస్తాయి. స్క్రూల తలలు చెక్కుచెదరలేదు. మీటరు 74 వేలు చూపిస్తోంది. బ్రేకు పెడలు రబ్బరు అరుగుదల కూడా ఆ మాటే చెబుతోంది. రబ్బరు పూర్తిగా అరిగిపోయి మీటరు మాత్రం తక్కువ చూపిస్తే అనుమానించాలి సుమా!

ఇక నేల మీద పడుకుని కిందికి దూరాను. హెరాల్డ్‌కి ప్రాణం షాసీలోనే వుంది. ఆ యినప చట్రం మీద బాడీని ముక్కలుగా బిగిస్తారు. ప్రధాన కమ్మీలు గట్టిగానే వున్నాయి. బాడీని మోయడానికి పక్కలకి చాచిన చేతులు మాత్రం, రెండు చోట్ల, స్క్రూడ్రైవరుతో పొడిస్తే పొరలు పొరలుగా రాలాయి. యిది అందమైన తుప్పు కాదు. ప్రమాదమైన తుప్పు. బాగు చేయించి తీరాలి.

ఇంజను నంబరు, షాసీ నంబరు ఆర్.సి. బుక్కుతో కలిశాయి. సగం గండం గడిచినట్టే.

ఫోటో ఏం చెప్పింది?

"మరి హీరోగారి సంగతి?" అన్నాను బ్రోకరుతో.

అతను దీని కోసమే కాచుకున్నట్టు కవరులోంచి నలుపు తెలుపు ఫోటో తీశాడు. హీరోగారి పేరు యిక్కడ రాయను, ఆయనకీ ఈ బేరానికీ సంబంధం లేదు. నవ్వుతూ హెరాల్డ్‌కి ఆనుకుని నిలబడ్డారు. నంబరు ప్లేటు కనపడదు.

"యిదే కారు సార్! ఈ ఫోటో ఒక్కటే రెండు లక్షలు చేస్తుంది."

మావాడు ఫోటో అందుకున్నాడు. చూశాడు. కారు వైపు చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు. మొహం వాడిపోయింది.

"అన్నయ్యా... ఫోటోలో కారుకి వెనక తలుపు లేదు."

నిజమే! మొదట్లో వచ్చిన హెరాల్డ్‌లకి రెండే తలుపులు. నాలుగు తలుపుల కారు అరవైల చివర్లో మన మద్రాసు కంపెనీ చేసినది, ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్ళు కూడా అలాంటిది చేయలేదు. మా ఎదురుగా వున్నది నాలుగు తలుపులది. ఫోటోలోది రెండు తలుపులది. సినిమా పిచ్చి వుంటే వుంది గానీ, మావాడి కన్ను మంచిదే!

బ్రోకరు ఫోను వచ్చిందని చెప్పి గేటు దాకా వెళ్ళాడు.

మాస్టారు తల వంచుకున్నాడు. "హీరోలెవరూ ఎక్కలేదు నాయనా. అలా చెబితేనే ధర వస్తుందన్నాడు, నేను నోరు మూసుకున్నాను. తప్పే. మా నాన్నగారు కొన్నారు. మా అమ్మని తిరుపతి తీసికెళ్ళింది. మా చెల్లెల్ని కాన్పుకి ఆస్పత్రికి తీసికెళ్ళింది. అంతే దీని కథ."

లోపలికెళ్ళి ఓ ట్రంకు పెట్టె తెచ్చాడు. అందులో 1969 నాటి బిల్లు, ఏటేటా కట్టిన ఇన్సూరెన్సు కాగితాలు, తీగకి గుచ్చిన సర్వీసు చీటీలు. రిక్షా గుద్దినప్పుడు టింకరింగు చేసిన రసీదు కూడా! నేను చదువుతూ వుండిపోయాను. బ్రోకరు చూపించాల్సింది ఈ పెట్టెని. చూపించింది ఆ ఫోటోని!

లెక్క తేల్చాం

ఇప్పుడు ధర సంగతి. ఆరున్నర లక్షల్లోంచి ముందు హీరోగారిని దింపేశాం. బ్రోకరు చెప్పిన లెక్క ప్రకారమే రెండు లక్షలు పోయాయి. మిగిలింది నాలుగున్నర. షాసీ చేతులు, బ్రేకులు, టైర్లు, వైరింగు కలిపి లక్ష దాకా అవుతుందని నాకు తెలిసిన షెడ్డు మేస్త్రి ఫోన్లో చెప్పాడు. అది యిచ్చే ధరలోంచే రావాలి. ట్రంకు పెట్టె మాత్రం కలపాలి. ఒకే కుటుంబం, అసలు రంగు, అసలు ఇంజను, దానికి తగ్గ కాగితాలు. యివన్నీ కలిసి దొరకడం అరుదు. ఎంత డబ్బు పోసినా మళ్ళీ చేయించగలిగినవి కావు.

ఆ కాగితాలకి యింకో విలువ కూడా వుంది. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజి వాహనాలకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, షాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా వున్న బండికి 'వి.ఎ.' నంబరు యిస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకి 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది. అయితే రోజూ ఆఫీసుకి నడుపుతానంటే కుదరదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి, అంతే.

"మాస్టారూ, మూడు లక్షల డెబ్భై అయిదు వేలు" అన్నాడు మావాడు. గొంతు వణికింది.

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. కారు పైకప్పు మీద చెయ్యి వేసి, "రంగు వేయిస్తావా?" అని అడిగాడు.

"వేయించనండీ."

"అయితే తీసుకో."

తిరుగు ప్రయాణంలో మావాడు ట్రంకు పెట్టె వొళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పు చెయ్యలేదు. రిపేరుకి డబ్బు మిగిలింది. నెల్లూరు దగ్గర చూద్దును కదా, జేబులోంచి ఆ ఫోటో తీశాడు!

"అదెందుకురా యింకా? మనది కాదని తేలిపోయిందిగా!"

"మనది కాదన్నయ్యా" అన్నాడు ఫోటో మీంచి కళ్ళు తిప్పకుండా. "కానీ ఆ రెండు తలుపుల కారు ఎక్కడో అక్కడ వుండే వుంటుంది కదా!"