దించుకునేవాడే పంచేవాడు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఉన్న హాస్టళ్లలోంచి నెట్‌వర్కింగ్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో ఒకబ్బాయి అడిగాడు: "సర్, టొరెంట్‌లో సినిమా దించుకున్నానంతే, ఎవరికీ ఇవ్వలేదు. కేసెందుకవుతుంది?"

"ఇచ్చావు నాన్నా, నీకు తెలియకుండానే" అని బోర్డు మీద బొమ్మ గీశాను.

2001లో బ్రామ్ కోహెన్ రాసిన బిట్‌టొరెంట్ ఫైలును ముక్కలు చేస్తుంది. ప్రతి ముక్కకూ 20 బైట్ల హాష్, అంటే దాని వేలిముద్ర, టొరెంట్ ఫైలులోనే ఉంటుంది. దిగిన ముక్కతో అది కలవకపోతే పారేసి మళ్లీ అడుగుతుంది. కాబట్టి ముక్క ఇచ్చినవాడు ఎవరైనా ఫర్వాలేదు.

నాకు మరీ ఇష్టమైంది అందులోని ఇచ్చిపుచ్చుకునే పద్ధతి. కోహెన్ రాసిన క్లయింటు ప్రోగ్రాము ఒకేసారి నలుగురికే పంపేది. ప్రతి 10 సెకన్లకూ తనకెవరు జోరుగా ఇస్తున్నారో చూసి వాళ్లకే పెట్టేది. 30 సెకన్లకోసారి మాత్రం ఏమీ ఆశించకుండా మరొకరికి అవకాశమిచ్చేది. ఆ ఉదారతే లేకపోతే చేతిలో ముక్కే లేని కొత్తవాడు బేరం మొదలుపెట్టేదెలా? ఎంత చక్కటి ఆలోచన! అయితే ఇవ్వనివాడికి వేగం రాదు గనక, మొదటి ముక్క దిగీదిగగానే మన కంప్యూటరూ పంచడం మొదలుపెడుతుంది.

చట్టం పట్టుకునేది అక్కడే. కాపీ చేయడమూ తప్పే, పంచడమూ తప్పే. తెలిసి చేస్తే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా.

మరి పంచే సాఫ్ట్‌వేర్‌నే ఎందుకు మూయించరు? పాటలు పంచుకునే నాప్‌స్టర్‌కు పాటల జాబితా ఒకేచోట ఉండేది. కోర్టు ఆ కంపెనీనే పట్టుకుంది, 2001లో అది ఆగిపోయింది. ఉల్లంఘనకు ఉసిగొల్పితే సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లదీ బాధ్యతేనని 2005లో గ్రోక్‌స్టర్ అనే ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అయితే నాప్‌స్టర్ తర్వాత వచ్చిన నెట్‌వర్కుల్లో జాబితా కూడా వాడేవాళ్ల మధ్యే చెదిరిపోయింది. మూయించడానికి కేంద్రమే లేదు. దాంతో మిగిలింది వాడేవాళ్లే.

2013లో 'అత్తారింటికి దారేది' సగం సినిమా విడుదలకు ముందే బయటికొచ్చినప్పుడు పోలీసులు పెడనలోని సీడీల షాపు దాకా ఆరా తీయాల్సి వచ్చింది. ఒకే టొరెంట్‌ను పంచుకునేవాళ్ల గుంపులో ఆ శ్రమ లేదు. గుంపులో చేరినవాడికి మిగతావాళ్ల ఐపీ అడ్రసులు కనిపిస్తాయి, హక్కుదారు మనిషీ చేరొచ్చు. ఆ అడ్రసు కనెక్షన్ ఎవరిదో చెబుతుంది గాని ఏ గదిలోని ఏ లాప్‌టాపో చెప్పదు. హాస్టల్ వైఫైలో సినిమా దించితే ముందు జవాబు చెప్పాల్సింది హాస్టల్ ఓనరే.