గోడలున్న గదులు, ఉమ్మడి అటక

తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలెన్నో సూరత్ నగరంలో మరమగ్గాలమీద బతుకుతున్నాయి. మనవాళ్ళ మాటలో ఇవి సాంచెలు. అలాంటి ఒక షెడ్డును అడ్డగోడతో రెండు వాటాలు చేసి ఇద్దరు ఆసాములకు అద్దెకిచ్చారనుకుందాం. ఎవరి తలుపు వారిది, ఎవరి తాళం వారిది. కాని గోడ పైకప్పు దాకా లేదు. నూలు కండెల పెట్టెలు దాచుకునే అటక ఇద్దరికీ ఒక్కటే. ఇద్దరూ తమ పెట్టెలకు ఒకే నంబరు వేసుకున్నారు. ఒకనాడు రెండో ఆసామి అటకమీద తన నంబరున్న పెట్టెను చూశాడు. తన వాటాలో దాని సొంతదారు ఎవరూ కనబడలేదు. ఎవరో వదిలేసిపోయిన పాత పెట్టె అనుకుని తీసి పారేశాడు. పక్క వాటాలో సాంచె ఆగిపోయింది!

కంప్యూటర్లలో అచ్చంగా ఇలాంటి చిక్కే ఒకటి ఏళ్ళ తరబడి ఉండేది. అదేమిటో చూద్దాం.

ఒక యంత్రం, అనేక గదులు

ఒకే పెద్ద కంప్యూటర్‌ను పలు సంస్థలు వాడుకోవాలంటే వాటి మధ్య గోడలుండాలి. ఒక బట్టల వ్యాపారి పద్దులు మరొకరికి కనబడకూడదు కదా! 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులో 'సీహెచ్‌రూట్' అనే ఏర్పాటు ఇందుకు తొలి మెట్టు. ఒక ప్రోగ్రామ్‌కు ఫైళ్ళలో కొంత భాగమే కనబడేటట్లు అది చేసేది. అయితే అది ఫైళ్ళకే గోడ. దీనిని డెన్మార్క్ దేశస్థుడు పౌల్-హెన్నింగ్ కాంప్ విస్తరించి 'జైలు' అనే ఏర్పాటు చేశాడు. 2000 మార్చిలో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 4.0లో అది అందరికీ అందింది. జైలులోని ప్రోగ్రామ్‌కు పక్క జైలులోని ఫైళ్ళే కాదు, అక్కడ నడిచే ప్రోగ్రామ్‌లు కూడా కనబడవు. కాని ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నెల్ మాత్రం అన్ని జైళ్ళకూ ఒక్కటే.

ఉమ్మడి మెమరీ ఎందుకు?

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సర్వర్‌నే తీసుకోండి. దీని మూలాలు 1986లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొదలైన పరిశోధనలో ఉన్నాయి. సర్వర్‌తో సంబంధం పెట్టుకున్న ప్రతి వాడుకరి కోసం అది ఒక ప్రత్యేక ప్రాసెస్‌ను నడుపుతుంది. మామూలుగా ఒక ప్రాసెస్ మెమరీ మరొకదానికి కనబడదు. కాని ఒకరు ఇప్పుడే మార్చిన నిల్వను మరొకరు పాత అంకెతో చూస్తే లెక్కలు తారుమారవుతాయి. కనుక డిస్క్ నుంచి తెచ్చిన సమాచారాన్ని 8 కిలోబైట్ల పుటలుగా అన్ని ప్రాసెస్‌లూ చూడగల ఉమ్మడి మెమరీలో ఉంచుతారు. ఒకే పుటను ఇద్దరు ఒకేసారి దిద్దకుండా కాపలా కాసే సంకేతాలు కూడా ఉంటాయి. వాటిలో ఒక రకం సెమాఫోర్లు.

ఈ ఉమ్మడి మెమరీని 'సిస్టమ్ ఫైవ్' అనే పాత పద్ధతిలో కెర్నెల్‌నుంచి అడిగి తీసుకునేవారు. ప్రతి భాగానికీ ఒక సంఖ్య గుర్తు. మన కథలోని అటక ఇదే. తొలినాటి జైళ్ళలో అన్నిటికీ కలిపి ఒకే అటక! అందుకే దానిని వాడటం మామూలుగా నిషేధం. నిషేధం ఉంటే సర్వర్ మొదలే కాదు. ఎత్తివేస్తే జైలు గోడ ఆ మేరకు పలచబడుతుంది.

చిక్కు ఎక్కడ?

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తన గుర్తు సంఖ్యను పోర్టు నంబరునుంచి లెక్కగట్టేది. పోర్టు 5432 అయితే గుర్తు 5432001. రెండు జైళ్ళలో రెండు సర్వర్లు, రెండింటికీ అదే పోర్టు, ఒకే వాడుకరి సంఖ్య అనుకోండి. రెండోది మొదలవుతూ ఆ గుర్తుతో ఒక భాగం ఇప్పటికే ఉందని గమనిస్తుంది. దాన్ని సృష్టించిన ప్రాసెస్ బతికే ఉందా అని వెతుకుతుంది. ఆ ప్రాసెస్ పక్క జైలులో ఉంది కనుక కనబడదు. చనిపోయిందని తీర్మానించి, 'పాత సామాను' తొలగించబోతుంది. పనిలో ఉన్న మొదటి సర్వర్ నడుమనే కుప్పకూలవచ్చు. ఇక్కడ ఏ ప్రోగ్రామూ తప్పు చేయలేదని గమనించండి. గోడ సక్రమంగా పనిచేసింది, వెతుకులాటా సక్రమంగానే సాగింది. రెండూ కలిసినచోటే ప్రమాదం పుట్టింది.

పరిష్కారాలు

మొదటి ఉపాయం చాలా సులభం. ఒక్కో జైలులో సర్వర్‌ను ఒక్కో వాడుకరి సంఖ్యతో నడపడం. అప్పుడు పరాయి భాగాన్ని ముట్టుకునే హక్కు లేక, రెండో సర్వర్ తరువాతి గుర్తును ఎంచుకుంటుంది. 2013లో వచ్చిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 9.3 తన ఉమ్మడి మెమరీలో అత్యధిక భాగాన్ని వేరే పద్ధతికి మార్చింది. పాత పద్ధతిలో కాపలా కోసం చిన్న తునక మాత్రమే మిగిలింది. 2016లో ఫ్రీబీఎస్‌డీ 11.0 అసలు రోగాన్నే కుదిర్చింది. కోరిన జైలుకు సొంత అటక ఇవ్వవచ్చు. 2019లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 12 తన గుర్తును పోర్టునుంచి కాక, డేటా ఉన్న ఫోల్డర్ సంఖ్యనుంచి లెక్కగట్టసాగింది.

లైనక్స్‌లో ఇలాంటి విడి అటకలు 2006లోనే, కెర్నెల్ 2.6.19తో వచ్చాయి. 2013లో వెలువడిన డాకర్ వాటినే వాడుకుంటుంది. అయితే అందులో ఒక రకం ఉమ్మడి మెమరీకి మామూలుగా ఇచ్చే చోటు 64 మెగాబైట్లే. పెద్ద ప్రశ్నను పలు ప్రాసెస్‌లు పంచుకుని జవాబు వెతికేటప్పుడు అది చాలక, డిస్క్‌లో బోలెడు ఖాళీ ఉన్నా 'చోటు లేదు' అనే సందేశం రావచ్చు. అటక ఎవరిది వారికి ఇచ్చినంత మాత్రాన సరిపోదు, అది ఎంత పెద్దదో కూడా చూసుకోవాలి.

మీ కళాశాలలో లైనక్స్ కంప్యూటర్ ఉంటే 'ఐపీసీఎస్' అనే ఆదేశం ఇచ్చి చూడండి. ఆ క్షణంలో అటకమీద ఏమేమి పెట్టెలున్నాయో కనబడతాయి. అవతలి గదిలో మనకు కనబడనంత మాత్రాన అక్కడ ఎవరూ లేరని అనుకోరాదు. కంప్యూటర్ గదులు కట్టేవారు ఎంతో కష్టపడి నేర్చుకున్న పాఠం ఇదే.