చేతికందిన గుండె

తల్లి గర్భంలో గుండె రూపుదిద్దుకొనే తొలి వారాలలో లోపం ఏర్పడితే శిశువు దానితోనే జన్మిస్తుంది. ప్రతి 1000 మంది శిశువులలో సుమారు 8 మంది ఇటువంటివారే. అందరి లోపమూ ఒకటి కాదు. దేహానికి రక్తమందించే మహాధమని ఎడమ జఠరిక నుండి బయలుదేరాలి. కొందరిలో అదీ, ఊపిరితిత్తులకు పోయే ధమనీ రెండూ కుడి జఠరిక నుండే బయలుదేరుతాయి. అప్పుడు జఠరికల నడిమి గోడలోని రంధ్రం గుండా ఎడమవైపు రక్తం మహాధమనిని చేరేటట్లు శస్త్రవైద్యుడు లోపల ఒక సొరంగం నిర్మించాలి. రంధ్రం ధమనికి ఎంత దూరంలో ఉంది? దారి ఇరుకవుతుందా? పసివాని పిడికిలంత గుండెను ఆపి, తెరచి చూస్తే గాని ఈ సంగతులు తేలని సందర్భాలుండేవి. గుండె పనిని యంత్రం చేస్తున్నప్పటికీ ఆగిన ప్రతి నిమిషమూ విలువైనదే. తీరికగా ఆలోచించే సమయం కాదది!

ఆ ఆలోచనను ముందుకు జరిపినది త్రిమితీయ ముద్రణ. సి.టి. లేదా ఎం.ఆర్.ఐ. యంత్రం గుండెను పలుచని పొరలుగా చిత్రిస్తుంది. ఆ చిత్రాలలో కండరమేదో, రక్తమున్న చోటేదో కంప్యూటరుపై వేరుచేస్తారు. మిక్కిలి ఓర్పు కావలసినది ఇక్కడే. ఈ దశలో తప్పితే నమూనా కూడా తప్పుతుంది. పిదప ముద్రణ యంత్రం పొరపై పొర పేర్చి ఆ బిడ్డ గుండెకే ప్రతిరూపం తయారుచేస్తుంది. 2014లో అమెరికాలోని లూయీవిల్ నగరంలో ఒక పసివాని గుండెను మెత్తని ప్లాస్టిక్‌తో, అసలు కంటె పెద్దదిగా, మూడు భాగాలుగా ముద్రించారు. శస్త్రవైద్యుడు ఎర్ల్ ఆస్టిన్ దానిని విప్పి చూచి, తన మార్గాన్ని ముందుగానే నిర్ణయించుకొన్నారు.

అయితే ఈ గుండె కొట్టుకోదు. పలుచని కవాటాలు ఇందులో సరిగా రావు. వాటి కదలికకు ఎకో పరీక్షనే ఆశ్రయించాలి. కొన్ని ఆసుపత్రులలో ఇదే నమూనాను తల్లిదండ్రుల చేతికిచ్చి, తమ బిడ్డ గుండెలో ఏ చోటును సరిచేయబోతున్నారో చూపుతారు.