మాత్ర మింగించడమే మహాయుద్ధం

1942లో జపాన్ సేనలు జావా దీవిని పట్టుకోగానే మిత్రరాజ్యాలకు మలేరియా మందు క్వినైన్ కరువొచ్చిపడింది. ఆ మందు తీయడానికి ప్రపంచానికి కావలసిన సింకోనా బెరడు చాలావరకు అక్కడి తోటల నుంచే వచ్చేది మరి. గత్యంతరం లేక అటబ్రిన్ మాత్రను నమ్ముకున్నారు. బ్రిటిష్‌వాళ్లకు అదే మెపాక్రిన్. తమాషా ఏమిటంటే, దాన్ని కనిపెట్టింది శత్రుపక్షంలోని జర్మన్లు!

అది పరమ చేదు. కడుపులో తిప్పేది, ఒళ్లంతా కామెర్లొచ్చినట్టు పచ్చబడేది. పైగా మగతనం పోతుందని పుకారు. ఇక ఎవరు మింగుతారు? అందుకే వరుసలో నిలబెట్టి, గొంతు దిగేదాకా అధికారులు కాపలా కాసేవారు. పాపువా న్యూ గినీలో ఒక అమెరికన్ సైనిక ఆసుపత్రి దగ్గరైతే పుర్రెలు తగిలించి, 'వీళ్లు అటబ్రిన్ వేసుకోలేదు' అని బోర్డు పెట్టారు.

1943లో బర్మా సరిహద్దులో గాయపడి వెనక్కి వచ్చే ఒక్కో సైనికుడికి 120 మంది జబ్బుపడి వచ్చేవారు. అక్కడి బ్రిటిష్ సేనాధిపతి జనరల్ స్లిమ్ దీనికి విరుగుడు డాక్టర్ల దగ్గర కాదు, దళాధిపతుల దగ్గర వెతికాడు. చెప్పాపెట్టకుండా సైనికుల రక్తం పరీక్ష చేయించేవాడు. నూటికి కనీసం 95 మంది రక్తంలో మందు కనిపించకపోతే కమాండింగ్ ఆఫీసర్‌కు ఉద్వాసనే. ముగ్గురిని పీకేసరికి మిగతావాళ్లకు విషయం బోధపడింది. 1943 చివర్లో రోజుకు వెయ్యికి 12 మంది జబ్బుపడుతుంటే, 1945కల్లా ఒక్కరే.

ఇంతకీ ఆ మాత్ర పనిచేస్తుందని తేల్చింది ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ పరిశోధన కేంద్రం. నీల్ హామిల్టన్ ఫెయిర్లీ ఆధ్వర్యంలో సైనిక వాలంటీర్లు కావాలని మలేరియా దోమల చేత కుట్టించుకున్నారు. ఆపైన వాళ్లను ఒళ్లు హూనమయ్యేలా శ్రమపెట్టి, చలిగదుల్లో కూర్చోబెట్టి చూశారు. రోజూ ఒక మాత్ర వేసుకున్నవాళ్లకు జ్వరం రాలేదు.

పిల్లల పుస్తకాల రచయిత డాక్టర్ స్యూస్ కూడా అమెరికన్ సైనికులను మలేరియా గురించి హెచ్చరిస్తూ 'యాన్' అనే ఆడ అనాఫిలిస్ దోమ బొమ్మలు గీశాడు.

ఆ మాటకొస్తే, దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని మొదట చూసిందీ సైనిక వైద్యుడే. 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో, రొనాల్డ్ రాస్!

తర్వాత వియత్నాం యుద్ధకాలంలోనూ ఇదే బెడద. ఉత్తర వియత్నాం సైనికుల కోసం చైనా 1967 మే 23న మలేరియా మందుపై రహస్య పరిశోధన మొదలెట్టింది. ఆ తేదీని బట్టే దానికి ప్రాజెక్టు 523 అని పేరొచ్చింది. నాలుగో శతాబ్దపు వైద్యగ్రంథంలో, మాచిపత్రి జాతి మొక్కను నీళ్లలో నానబెట్టి పిండమన్న మాట ఆ ప్రాజెక్టులోని పరిశోధకురాలు తూ యూయూ కంటపడింది. మరిగిస్తే గుణం పోతోందని గ్రహించి, ఈథర్‌తో తక్కువ వేడిలో సారం తీశారు. అదే మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు దారి, 2015 నోబెల్‌కూ దారి. రోగులకు ఇవ్వడానికి ముందు, 1972లో, ఆమె, సహచరులు ఆ సారాన్ని తామే మింగి చూశారు.